దారి మునిగేదాకా

సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి మిట్ట మీద ఒంటరి ఇల్లు. వంటింట్లో ఇద్దరు: ఇల్లు అమ్మకానికి పెట్టిన ముసలాయన, భర్తతో కలిసి చూడవచ్చిన నర్సు.

"...అందుకే ఇక్కడ కూరలో ఉప్పెయ్యక్కర్లేదమ్మా. గిన్నె మూత తీసి కిటికీలో పెట్టు, గాలే చూసుకుంటుంది. కాస్త ఏమరుపాటుగా ఉన్నావో, ఊరగాయైపోతుంది."

"బావుంది బాబాయ్. మా ఆయనేరీ?"

"పెరడు కొలుస్తున్నాడు. టేపు చేతికిస్తే మగాడికి లోకం తెలీదు. ఇదిగో, ఇటు చూడు. ఈ వరసలో నాలుగు గదులూ సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకివ్వొచ్చు. మంచం దిగకుండానే సముద్రం."

"దుప్పట్లెవరుతుకుతారు?"

"మా ఆవిడ ఉతికేది."

"ఇప్పుడావిడ..."

"చెల్లెలింటికెళ్ళింది. నాలుగు రోజులుండొస్తానని."

"ఎప్పుడొస్తారు?"

"వెళ్ళి తొమ్మిదేళ్ళయింది."

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. మా ఆయన అడిగితే ఇల్లు అమ్మనని చెప్పెయ్యండి."

"అదేంటి! ఇల్లు బాలేదా?"

"బానే ఉంది. నాకే ఊపిరాడట్లేదు. పద్దెనిమిదేళ్ళు పగలూ రాత్రీ డ్యూటీలు చేస్తే మొన్ననే హెడ్ నర్సుని చేశారు. రోజుకి రెండుసార్లు, సముద్రం పోటెక్కి ఆరేసి గంటలు దారి మునిగే చోటునుంచి ఏ ఆస్పత్రికి వెళ్తాను? ఉద్యోగం మానేసి వచ్చేపోయేవాళ్ళ పక్కలు దులుపుకుంటూ కూచోవాలి. ఆయనకేమో ఈ ఇల్లు నెత్తికెక్కింది."

"దెయ్యముందని చెప్పనా?"

"చెప్పండి!"

"చెప్తే ఇంకా ఎగబడతాడే. దెయ్యమున్న గదికి గిరాకీ ఎక్కువ."

"పోనీ, పైకప్పు కారుతుందని చెప్పండి."

"అది నిజం కదమ్మా. నేను నిజం చెప్తే ఎవరూ నమ్మరు."

"నవ్వకండి బాబాయ్. నా బతుకిది."

"నవ్వట్లేదులే. మా కోడిపుంజు సంగతి చెప్పానా? ఇక్కడ కూస్తే గాలి ఆ కూతనెత్తుకుపోయేది. అవతలి ఒడ్డున తెల్లారేది, మాకిక్కడ చీకటే..."

"ఇప్పుడు కోడిపుంజెందుకు! దారి మూసుకుపోకముందే బయల్దేరాలి. ఏవండీ! ...ఏవండోయ్!"

"గాలికి వినపడదు. కూచో, కూచో."

"పెరట్లో ఎవరూ లేరు."

"ముందువైపున్నాడేమో."

"ముందువైపూ లేరు. కారేదీ? బాబాయ్, కారు లేదు!"

"నీడలోకి తీసుంటాడు."

"ఈ రాళ్ళ మీద నీడెక్కడిది? అయ్యో, దారేదీ... అంతా నీళ్ళే! ఫోనుకి సిగ్నలూ లేదు. నిజం చెప్పండి. ఆయనెక్కడికెళ్ళారు?"

"కోప్పడకూడదు మరి."

"చెప్పండి!"

"దారి మునిగేదాకా నిన్ను కబుర్లలో పెట్టమన్నాడు. ఇల్లు పోయిన నెలే కొనేశాడమ్మా. అక్కడ మీ సామాను లారీకెక్కిస్తుంటారు, తను ముందుండి తీసుకొస్తాడట, నీళ్ళు దిగగానే."

"లేదు... ఇదీ మీ కోడిపుంజు కథే. కదూ? పొద్దున్నే నా డ్యూటీ..."

"డ్యూటీ గురించి బెంగ పడకు. దారిలో ఆస్పత్రి దగ్గర ఆగి నీ రాజీనామా ఇచ్చేసి వస్తానన్నాడు. నీ పేరుతో తనే రాశాడు, నాకు చదివి వినిపించాడు కూడా. చాలా బాగా రాశాడమ్మా."