కడుపులో తిప్పని రోజు

పార్కు గేట్లు తెరిచారు. రోలర్ కోస్టర్ నడిపే గదిలో ఆమె మీటల ముందు కూర్చుంది, బండిని పరీక్షించే అతను పక్కన నిలబడ్డాడు. రోజూ జనంకన్నా ముందు ఖాళీ బండెక్కి, ఒక చుట్టు తిరిగి, బాగుందో లేదో చెప్పడం అతని పని. ఇవాళ బాగుందనే చెప్పాడు.

"ఏం తమ్ముడూ, మొహం కళగా ఉంది? రోజూ దిగాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టవుగా!"

"ఇవాళ కడుపులో తిప్పలేదక్కా."

"నే చెప్పినట్టు దూరంగా చూస్తూ కూర్చున్నావా?"

"చూశాను, అల్లం కూడా నమిలాను. ఇన్నాళ్లూ ఏదీ పనిచేయలేదు. నిన్న మా ఆవిడ వాంతుల బిళ్ల తెచ్చింది, వేసుకుని ఎక్కా."

"మంచి పని చేసింది. ఉండు, బండెక్కిన వీళ్లని పంపేస్తా... ఆఁ, కదిలింది. మరి మూడో మలుపులో కుదుపుందన్నావుగా? బోల్టులు బిగించాక పోయిందా?"

"పోయిందనే అనుకున్నా."

"అనుకోవడమేంటి?"

"ఆ కుదుపు నాకెప్పుడూ కడుపులోనే తెలిసేది. ఇవాళ..."

"ఇవాళ ఏమైంది? చెప్పు!"

"బిళ్ల మత్తులో మొద్దులా కూర్చున్నానక్కా. మలుపు దగ్గర కునుకు పట్టినట్టుంది."

"ఓరి నాయనో! ఆ మాట ఇప్పుడా చెప్పడం?"

"ఆపక్కా, ఆపు!"

"నొక్కుతూనే ఉన్నా! గొలుసు బండిని పైకి లాగేంతవరకే మనం ఆపగలం. కొన దాటేసింది."

"మరి బ్రేకు?"

"మూడో మలుపు దాటాకే."

"ముందు సీట్లో పిల్లలున్నారక్కా."

"చూశాను."

"అక్కా... ఇప్పుడు తిప్పుతోంది నాకు."