పైడమ్మ ఎత్తని ఫోను

పైడమ్మని మీరెరుగుదురు గదా, ఎండు సేపలమ్మే పైడమ్మ. నాకు వరసకి సెల్లెలు. దాని మొగుడు దానయ్య. మన తుఫాను షెల్టరు ఎనకాల సెల్లు టవరు ఏసిన కొత్తలో ఊరంతా ఫోన్లు కొన్నారు, ఆల్లూ సెరోటి కొనుక్కున్నారంట. అప్పట్లో ఫోను ఎత్తితే సాలు, సేసినోడి బేలెన్సు ఎగిరిపోయేది. అందుకని మొగుడూ పెళ్ళాం ఒక కట్టు పెట్టుకున్నారు. సముద్రంలోంచి ఒక రింగిచ్చి ఆపేస్తే నాను బాగున్నాను, ఒచ్చేస్తన్నాను అని. రెండు రింగులైతే సేపలు బాగా పడ్డాయి, గంపలట్టుకు రా అని. మరి నీకేదైనా అయితేనో అనడిగిందంట పైడమ్మ. అప్పుడు ఆపకుండా మోగిస్తానే, నువ్వు మాత్రం ఎప్పుడూ ఎత్తకు అన్నాడంట. అలాగ ఐదేళ్ళు ఆ ఫోన్లో ఆల్లు ఒక్క మాటా ఆడుకోలేదు, అనుకో. నవ్వుతారేటి, మీ ఇళ్ళలో అప్పుడు జరిగిందీ అదే గదా.

అలాగుండగా ఏమైందంటే, ఒకనాడు పొద్దున్న దానయ్య పడవలో ఉన్నాడు. ఇంటికాడ పైడమ్మ సింతకాయేసి రొయ్యలు వండతంది. ఫోను మోగింది. ఒకటి, రెండు, మూడు. ఆగదే. దాని సేతిలో గరిటె జారిపోయింది. ఫోనట్టుకుని ఒడ్డుకి పరుగెట్టుకొచ్చింది, అది మోగతానే ఉంది. ఎత్తవే పిల్లా అన్నాను నాను. ఎత్తితే బేలెన్సు అయిపోద్ది అన్నయ్యా, ఆపదలో ఉన్నోడికి బేలెన్సు ఉండాల గదా అంది. మూడు పడవలు దింపాం. మనలో ఆడోల్లు పడవెక్కరు, మీకు తెలుసు. వద్దంటే ఇనలేదు, నా పడవలోకి ఎక్కేసి కూకుంది. దారంతా ఫోను గుండెకి అదుముకుని అమ్మోరికి మొక్కతానే ఉంది.

ఎల్లి సూద్దుం గదా, దానయ్య పడవలో ఎల్లకిలా తొంగున్నాడు, కాలి ఏలికి వల తాడు, సెవికి ఫోను. మమ్మల్ని సూసి లేచి, ఏటి బావా, అంతా ఒచ్చేసేరేటి అంటాడు. పైడమ్మ ఫోను సూపించి, ఎందుకు మోగించేవు అంది.

"ఈ రోజు నుంచి ఎంత మాటాడినా ఫ్రీ అని మెసేజొస్తే, మన కట్టు మరిసిపోయి, ఏం కూరండేవో అడుగుదామని," అన్నాడు. "ఇన్నేళ్ళలో సముద్రం మీంచి నీతో ఒక్క మాటా ఆడలేదు గదే."

అది పడవలో కూలబడిపోయి ఏడిసింది. మాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకు అబద్ధమాడాలి. ఏడిసి ఏడిసి, ముక్కు తుడుసుకుని, "సింతకాయ రొయ్యలు. పొయ్యి మీదే ఒగ్గేసొచ్చేను," అంది.

ఆ మాడిపోయిన కూరే మేమందరం తిన్నాం, అనుకో. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు ఫోను సేస్తాడు, అదీ ఎత్తుద్ది, ఎత్తి తిడద్ది. కానీ తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక రింగిచ్చి ఆపేస్తాడు, ఇప్పటికీ. అది ఎత్తదు. ఆ రింగు ఇన్నాకే ఎసరు పెడతాది. ఇదంతా సూసి నానూ ఓ రోజు సముద్రంలోంచి మా ఇంటిదానికి సేసి, ఏం కూరండేవే అనడిగేను. ఒచ్చి నువ్వే వండు అని పెట్టేసింది.