ఒంటిచేతి కుట్టు

హలో… ఆ, నేనే అక్కా. ఈ ఇంట్లో ఇంకెవరు ఎత్తుతారు…

లేచాను. ఎప్పుడో లేచాను. పొద్దున్నే పండగ ఫిరంగి పేల్చకముందే లేచాను. జెండా కూడా ఎగరేశాను… నేనే. తాడు పళ్లతో పట్టుకుని లాగాను. పైదాకా వెళ్లింది, చాలదూ.

…ఏంటీ? గొంతు నూతిలోంచి వస్తోందా? …ఫోన్ బల్ల మీద ఉంది. వెన్న గిన్నెకి ఆనించి పెట్టా. స్పీకర్లో ఉన్నావు.

…ఎత్తి చెవి దగ్గర పెట్టుకోను. పెట్టుకుంటే సూది వదలాలి. పనిచేసే చెయ్యి ఒకటే కదా మరి. …సరే, గట్టిగా మాట్లాడతాలే.

ఏం చేస్తున్నానా? కుడుతున్నా.

…అవును, అదే. ఉన్ని గౌను. కింద అంచు కాస్త మిగిలింది. పిల్లల ఊరేగింపు వేళకి అయిపోతుంది.

— తూర్దిస్ అక్కా. ముందు నువ్వు కారు ఆపు. …ఇంకా బయల్దేరలేదా, అయితే మరీ మంచిది. అమ్మ పండగ బట్టలు, ఆ బూనాద్, సంచిలోంచి తీసి మళ్లీ బీరువాలో తగిలించెయ్.

…సరిగ్గానే విన్నావు. ఇవాళ నేనది వేసుకోను. నువ్వొచ్చి నన్ను ముస్తాబు చెయ్యక్కర్లేదు. నేనే వేసుకున్నా.

…ఆ, గౌనే. ఒంటి మీదే ఉంది. ఒంటి మీద ఉంచుకునే అంచు కుడుతున్నా. మా ఆయన ఒడ్‌వార్ గాలాలకి ఈకలు కట్టుకునేవాడే, ఆ ఇనప బిగింపు లేదూ… ఆయన పోయినప్పట్నించీ పడవల కొట్టంలో పడి ఉంది, అదే. బల్ల అంచుకి బిగించి, గుడ్డ దాని నోట్లో పెట్టా. నా కుడిచెయ్యి ఇప్పుడు అదే. …కాబట్టి నువ్వొచ్చి తలుపు కొట్టినా లేవలేను. లేస్తే బల్లతో సహా రావాలి.

…నవ్వడం లేదు. నిజమే చెప్తున్నా.

…

అయిందా? ఇంకా ఉందా? …చెప్పు, చెప్పు. కుడుతూ వింటా.

…ఊఁ. …ఊఁ. …నార్వే పుట్టినరోజు నాడు ఊళ్లో ప్రతి ఆడదీ తన సీమ బూనాద్‌లోనే వస్తుంది. రానీ. …బూనాద్ కమిటీ అధ్యక్షురాలి చెల్లెలు గోనెసంచి తగిలించుకుని వస్తే నలుగురూ నవ్వుతారు. నవ్వనీ. నలుగురికీ ఏడాదికి ఒక్కటే పండగ, నవ్వుకోవద్దూ?

…గోనెసంచి కాదు. నా గొర్రెల ఉన్ని.

…ఆ, నా గొర్రెలే. ఆస్పత్రిలో నాకింకా మాట కూడా తిరగకముందే నువ్వు అమ్మేశావే, ఆ గొర్రెలు. …తెలుసక్కా, మంచికే అమ్మావు. మేత ఎవరు వేస్తారని అమ్మావు. నేనేం అనడం లేదు. అటక మీద బస్తాల్లో ఉన్న ఉన్ని మాత్రం నీ కంట పడలేదు, అంతే. బూడిద రంగుది ముసలి పొట్టేలుది. అంచుల్లో ఉన్న నల్లది, కంచె దూకి నీ క్యాబేజీలు తినేదే, దానిది. రంగు వెయ్యలేదు. మిల్లులో నేయించా. కోత, కుట్టు మాత్రం నేనే.

…వంకరగానా? వంకరగానే ఉంటాయి. పోయిన వారం కిటికీలోంచి తొంగి చూసి కుట్లు కూడా లెక్కపెట్టావా నువ్వు? …వంకరే. నా నడకా వంకరే. నా నోరూ ఒక పక్కకే నవ్వుతోంది. గౌను ఒక్కటే తిన్నగా ఎందుకుండాలి.

…దారమా? బంగాళాదుంపలో సూదిని నిలబెట్టి ఎక్కిస్తా. …ఆ, బంగాళాదుంపలోనే. సూది కదలదు. దారం కొస తడిపి, గురి చూసి… పడేదాకా తిట్టుకుంటూ. ఆ తిట్లన్నీ బంగాళాదుంపకే. సాయంత్రం దాన్నే ఉడకేసుకుని తినేదాన్ని.

…ఆ కసరత్తుల అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చింది, పిసుకుతూ కూర్చోమని. కూర్చున్నా. ఎన్నాళ్లు పిసికినా బంతి బంతిలాగే ఉంది. దానికంటే ఇది నయం కదా. కుడితే గౌనయింది.

…

వేషమా.

— అక్కా, మాట జారకు. జూన్‌లో వైకింగ్ సంతలో గడ్డాలు అతికించుకుని చెక్క కత్తులు తిప్పుకుంటూ సాసేజీలు తింటారే, వాళ్లది వేషం. నాది బట్ట. లోపల నార బట్ట చొక్కా, పైన ఉన్ని గౌను, రెండు భుజాలకీ రెండు పట్టీలు, పట్టీలకి రెండు కంచు పిన్నులు. అంతే. ఈ గాలికి ఇది కాక ఇంకేం వేసుకుంటారు?

…తప్పా? ఎలా తప్పు? చెప్పు, నాకూ వినాలని ఉంది.

…కాదు, నువ్వు చెప్పు. నువ్వు బూనాద్ పోలీసువి కదా. పోయినేడు చేపల కొట్లో పిల్ల బూనాద్ మీద నల్ల కళ్లజోడు పెట్టుకుందని బ్యాండు వాయిస్తుండగా వీధి మధ్యలో నిలబెట్టి కడిగేశావు. ఆ పిల్ల ఇప్పటికీ నిన్ను చూస్తే చేపల వెనక దాక్కుంటుంది. …మరి చెప్పు. ఈ గౌనులో ఏ కుట్టు తప్పు?

…తెలియదు కదా. ఎవరికీ తెలియదక్కా. మన ఒడ్డున సమాధి దిబ్బ తవ్వినప్పుడు వెయ్యేళ్ల నాటి వైకింగ్ ఆవిడ దొరికింది, గుర్తుందా, పిన్నులతో సహా. ఒంటి మీది బట్టంతా మట్టిలో కలిసిపోయింది. ఆ కంచు పిన్నుల వెనక బొటనవేలంత గుడ్డ ముక్క మిగిలింది, చిలుం పట్టి. పట్టీ కొస. అంతే దొరికింది. మిగతా గౌను ముందు తెరిచి ఉండేదో మూసి ఉండేదో ఈనాటికీ కొట్టుకుంటున్నారు చదువుకున్నవాళ్లు.

…అదేగా నేను చెప్పేది. ఎలా ఉండేదో ఎవరికీ తెలియని గౌనుకి పోలీసులుండరు. నాకు కావలసినట్టు కోసుకున్నా. నాకు కావలసినట్టు కుట్టుకున్నా. అమ్మ బూనాద్‌లో ఒక్క బొత్తాం జరిపితే నువ్వు రాత్రి నిద్రపోవు.

…

అమ్మనెందుకు తెస్తావ్ మధ్యలోకి.

…అమ్మ బాధపడదు. అమ్మ గొర్రెల దొడ్లో నాన్న కోటు వేసుకుని తిరిగేది. దానికీ ఒక కమిటీ పెట్టాల్సింది నువ్వు.

…

లేదు. …లేదు, నువ్వు రావద్దు. …వచ్చి చూస్తానంటే రా, తొడుగుతానంటే రావద్దు.

…'గున్‌వోర్‌కి బుర్ర కూడా పోయింది' అంటారా? ఎవరంటారు, పేరు చెప్పు. …పక్షవాతం చేతికొచ్చింది. బుర్రకి రాలేదని నలుగురికీ చెప్పు. నువ్వూ ఒకసారి చెప్పుకో.

…కోపం కాదు.

…సాయం చెయ్యొద్దని కాదక్కా.

— ఆగు. ఒక్క క్షణం ఆగు. సూది పక్కన పెడుతున్నా… ఆ. ఇప్పుడు వినపడుతోందా బాగా? ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నా. ఇది వెన్న గిన్నె వినాల్సిన మాట కాదు.

పోయినేడాది ఇదే రోజు. నువ్వు వచ్చావు. పెందలాడే వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మ బూనాద్ తొడిగావు. ముంజేతులకి వెండి బొత్తాలు, మెడ దగ్గర వెండి పిన్ను, రవికకి పైనుంచి కిందిదాకా కొక్కేలు, నడుముకి పటకా, దాని మీద ముందు గుడ్డ. …అందంగానే ఉన్నా. కాదనను. నువ్వు గోడకి తగిలించావుగా ఆ ఫోటో. వెళ్లి ఒకసారి నా పెదాలు చూడు అందులో.

…చూడు, నేనుంటా లైన్లో.

…

ఎండిపోయి లేవూ?

ఆ రోజంతా నేను చుక్క నీళ్లు తాగలేదక్కా. పొద్దున్నించి సాయంత్రం మళ్లీ నువ్వు విప్పేదాకా. నువ్విచ్చిన కాఫీ స్కూలు గోడ పక్కన గడ్డిలో పారబోశా. …నిజం. పిల్లలు ఐస్‌క్రీములు తింటుంటే వాళ్ల నోళ్ల వంక చూస్తూ కూర్చున్నా. ఎండ కూడా కాసింది ఆ రోజు, మన అదృష్టం కొద్దీ.

…ఎందుకేంటి. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి. వెళ్తే ఆ కొక్కేలు, ఆ బొత్తాలు, ఆ పటకా నేను విప్పుకోలేను. విప్పుకున్నా మళ్లీ పెట్టుకోలేను. ఎవర్నో ఒకర్ని పిలవాలి. ఎవర్ని పిలుస్తాను, నిన్నే పిలవాలి. నువ్వు జెండా కింద నిలబడి ఉపన్యాసం ఇస్తున్నావు.

…తెలుసు. పిలిస్తే వచ్చేదానివి. కాగితాలు వదిలేసి పరిగెత్తుకొచ్చేదానివి. 'జరగండి, కాస్త జరగండి, మా చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లాలి' అంటూ ఊరందర్నీ పక్కకి తప్పిస్తూ. నువ్వెంత మంచిదానివో నాకు తెలుసు.

…అదే. అదే నాకొద్దు.

నేను అరవై దాటినదాన్ని. ఒంటరిగా గొర్రెల్ని ఈనించినదాన్ని. తుఫానులో పడవ ఒడ్డుకి లాగినదాన్ని. ఒక కొక్కెం ముందు ఓడిపోయి కూర్చున్నా ఆ రోజు, అక్కా. దాహంతో. పండగ పూట. నా ఊళ్లో.

…

ఉన్నావా?

…ఏడవకు. …నీకు తెలియదని నాకు తెలుసు. చెప్పలేదు కదా నేను. …ఎలా చెప్తాను, నువ్వు నా తల మీంచి నర్సుతో మాట్లాడేదానివి. 'ఆమెకి కాఫీ చాలు, ఆమెకి చలేస్తోంది' అని. నేను అక్కడే ఉన్నాను. నాకు చలెయ్యలేదు ఎప్పుడూ.

…ఊఁ.

…ఊఁ. సరే. అయిపోయింది కదా. ముక్కు తుడుచుకో. నీ బూనాద్ చొక్కా తెల్లది, మరక పడితే నిన్ను నువ్వే అరెస్టు చేసుకోవాలి.

…చెప్తా విను. ఈ గౌనుకి కొక్కేలు లేవు. ఒక్కటీ లేదు. తల మీంచి వేసుకోవడమే. కింద గంటలాగా వెడల్పు. రెండు పక్కలా త్రికోణపు ముక్కలు పెద్దవి వేసి కలిపా, అందుకే. నువ్వు కిటికీలోంచి చూసి, గుడ్డ వృథా అయింది, ఇద్దరు పడతారందులో అన్నావే… ఒక్క చేత్తో ఎత్తుకోవచ్చు. ఒక్క చేత్తో దించుకోవచ్చు. ఎవర్నీ పిలవక్కర్లేదు. ఇంట్లో ఎన్నిసార్లు చేసి చూసుకున్నానో చెప్తే నవ్వుతావు.

…నవ్వావు. విన్నాను.

…

ఎక్కడ నడుస్తానా? బ్యాండు వెనకాల, ఎప్పుడూ నడిచే చోటే. కర్రతో. …నువ్వు నా పక్కన నడుస్తానంటే నడువు, నీ బూనాద్‌లో నువ్వు, నా గౌనులో నేను. మొహం చెల్లకపోతే నాలుగు వరసలు ముందు నడువు. నేనేం అనుకోను.

…ఆ? …పక్కనేనా. సరే. చెయ్యి మాత్రం పట్టుకోకు. కర్ర ఉంది. …ఎడమ పక్క నడవకు, అది కర్ర చెయ్యి. కుడి పక్క నడువు.

…పిన్నులా? ఒకటి పెట్టుకున్నా. కుడి భుజం పట్టీకి. అది తేలిక, ఎడమచెయ్యి అడ్డంగా వెళ్తుంది. రెండోదే… ఎడమ చేత్తో ఎడమ భుజానికి పెట్టుకోవాలి. మోచెయ్యి ఎక్కడికి పోవాలో దానికే తెలియడం లేదు.

…వద్దు.

…వద్దన్నానా. కళ్లు మూసుకుని పెట్టినా వద్దు. …పడితే పడుతుంది. పడకపోతే ఒక పట్టీ వేలాడేసుకుని వస్తా. ఆ కాలంలో అలా ఉండేది కాదని ఎవడు రుజువు చేస్తాడో చేసుకోమను.

…ఆఁ, ఫోన్ పెట్టేశాక బిగింపు ఊడదీస్తా. అంచు అయిపోయింది… లేదు, నాలుగు కుట్లు మిగిలాయి. ఉండనీ. వచ్చే మే పదిహేడుకి కుడతా.

…

అక్కా, ఒక పని చెయ్యి నాకోసం. …కాదు, పిన్ను కాదు. స్కూలు దగ్గర కాఫీ పొయ్యడం నీ చేతుల్లోనే ఉంటుంది కదా. నాకు పెద్ద కప్పులో పొయ్యి. అంచు దాకా. …చక్కెర వద్దు. తాగాక ఇంకొకటి పొయ్యి.

నీ ఉపన్యాసం మధ్యలో లేచి వెళ్తా. ఒక్కదాన్నే. మెల్లగా వెళ్తా, మెల్లగా వస్తా. నన్ను చూసి నువ్వు ఆపకు. చదువుతూనే ఉండు.

…సరేనా?

…సరే. ఇంక పెట్టేస్తున్నా. ఈ చెయ్యి కావాలి నాకు. రెండో పిన్ను పెట్టుకోవాలి.