చప్పుడు ఆగిన కారును పంపని కాలేషా గారు

1994 జూన్ పదమూడవ తేదీన, బడులు తెరిచిన తొలి రోజుల్లో, శ్రీ షేక్ కాలేషా గారు ఏలూరులోని మన విద్యాసంస్థ వాహన విభాగంలో మెకానిక్‌గా చేరారు. అంతకు ముందు తాడేపల్లిగూడెంలో మేనమామ ఖలీల్ గారి షెడ్డులో పని నేర్చుకున్నారు. కారు ముందు భాగంలో పుట్టే చప్పుళ్ళను దేనికది విడదీసి వినడం అక్కడే అలవడింది. భయమూ అక్కడే అలవడింది. బాగుచేసి పంపిన ఒక కారు, భీమడోలు చేరకముందే ముందు చక్రం మడతపడి కాలువలోకి దిగిందట. మనుషులు బతికారు. అంతకు మించి ఆయన ఎన్నడూ చెప్పలేదు.

2005లో విభాగం బాధ్యత చేపట్టిన నాటి నుంచి, స్టీరింగు గురించి ఎవరు ఫిర్యాదు తెచ్చినా ఆయన ముందుగా అడిగే మాట ఒకటే: "ఎక్కడ మోగుతోందో వద్దండీ, ఎప్పుడు మోగుతోందో చెప్పండి. తిప్పితేనా, బ్రేకు వేస్తేనా, గోతిలో పడితేనా?" కుడివైపు వినిపించిన చప్పుడు ఎడమవైపు పుట్టి ఉండవచ్చునని ఆయనకు తెలుసు. పని ముగిసి బండి వెళ్ళిపోయాక కూడా మనసు కుదుటపడేది కాదు. "చేరారా అండీ?" అని ఫోను చేసేవారు. డ్రైవర్లు ఆయనకు "భయం మేస్త్రి" అని పేరు పెట్టారు.

2013 నవంబరులో సైన్సు ఉపాధ్యాయులు శ్యామ్ సుందర్ గారు కొందరు పిల్లలకు పక్షులను చూపించడానికి కొల్లేటికి ప్రయాణం కట్టారు. దారి గట్టు మీద. రెండు వైపులా నీళ్ళే. సంస్థ కారు కొన్నాళ్ళుగా స్టీరింగు తిప్పినప్పుడల్లా టక్కుమంటోంది. ఆ ఉదయం మాత్రం మోగలేదు. డ్రైవరు జగ్గారావు గారు ముందురోజు గుండుగొలనులో ఆపించి, కుడి చక్రం దగ్గర కీళ్ళ మీది చిరిగిన రబ్బరు తొడుగులన్నిటి నిండా గ్రీజు కూరించి, ఎడమవైపు కూడా అలాగే పట్టించి వచ్చారు.

"చూడండి మేస్త్రీ, పిల్లిలా నడుస్తోంది," అన్నారాయన గర్వంగా.

కాలేషా గారి ముఖం పాలిపోయింది. "తాళం ఇలా ఇవ్వండి. బండి వెళ్ళదండీ."

"ఏవండీ మాస్టారూ, ఈయనకి టైర్లో గాలి తగ్గినా ప్రళయమేనండీ!" అని నవ్వారు జగ్గారావు గారు.

శ్యామ్ సుందర్ గారు కూడా నవ్వారు. "మోగినా భయమే, మోగకపోయినా భయమేనా కాలేషా గారూ? పిల్లలు క్యారేజీలతో సహా ఎక్కి కూర్చున్నారండీ."

"మోగుతుంటే ఉందని తెలుస్తుందండీ. అరుగుదల అరుగుదలగానే ఉంది, దాని నోరు మాత్రం మూశారు. నాకు ఇప్పుడే భయమండీ."

తాను పొరబడితే పిల్లల సరదా పాడవుతుందనీ, జగ్గారావు గారు జీవితాంతం ఎగతాళి చేస్తారనీ ఆయనకు తెలుసు. అయినా పిల్లలను దించారు. కిరసనాయిలుతో గ్రీజంతా కడిగి, పోయిన చప్పుడును మళ్ళీ రప్పించారు. మాస్టారు స్టీరింగు అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, తాను కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద అరచెయ్యి ఆనించి చూశారు. చెవికి కుడివైపు వినిపిస్తున్నది చేతికి ఎడమవైపు తగిలింది. ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి, చక్రాన్ని పట్టి ఉంచే కింది బాల్ జాయింటు దగ్గర ఇనుప కడ్డీతో మెల్లగా ఎత్తారు. దానిలోని గుండు గూటిలోంచి ఊడి బయటికి వచ్చింది.

జగ్గారావు గారు ఉన్నచోటనే కూలబడ్డారు. కారు కిందనుంచి లేచిన కాలేషా గారు చేతులు తుడుచుకున్నారు. "పక్షుల్ని ఇంకో రోజు చూద్దురు గాని బాబూ," అన్నారు పిల్లలతో. కొత్త జాయింటు వేశాక తానొక్కరే గట్టు మీద ఆ కారు నడిపి వచ్చి, అప్పుడు తాళం ఇచ్చారు.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ఆ గుండు ఎంత చిన్నదో వేళ్ళతో చూపించారు. గత వేసవిలో ఆయన కాలం చేశారు. ఛాతీలో బరువును గ్యాసు అనుకుని, మాత్రలతో అణచుకుంటూ వచ్చారు. ఈ వ్యాసం రాస్తున్నది ఆయన భార్య.

ఈ మధ్య కాలేషా గారు షెడ్డు మెట్లెక్కి, గుండె మీద చెయ్యి వేసుకుని ఆగుతున్నారు. జేబులో గ్యాసు మాత్రలు ఉంటున్నాయి. "వేసుకుంటే పోతుందిలే," అని భార్య సఫియా గారికి సర్దిచెబుతున్నారట. ఈ సంగతి ఆయన సన్మాన సంచికలో రాయడానికి సందేహం కలిగింది. రాయకపోవడానికి భయం కలిగింది. నొప్పి పోవడం వేరు, జబ్బు పోవడం వేరు అని ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

సన్మాన సభ మర్నాడు ఉదయం గుండె డాక్టరు గారిని చూడడానికి ఏర్పాటైంది. కారు నడిపేది జగ్గారావు గారే. సఫియా గారు వెంట వెళతారు. "చేరారా అండీ?" అని ఈసారి ఫోను మేము చేస్తాము. ఆ ఫోనుకు ఎన్నో ఏళ్ళు కాలేషా గారి గొంతే బదులు పలకాలనీ, ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, ఇకనైనా కాస్త నిర్భయంగా ఆయన కాలం గడపాలనీ మనసారా కోరుకుంటున్నాము.

— పద్మప్రియ, తెలుగు ఉపాధ్యాయిని