నేను పెట్టని గ్రహం

మరి నన్ను తిడితే ఏం లాభం చెప్పు? తలుపు అంత గట్టిగా వెయ్యకు, పక్క గదిలో వాళ్ళు వింటారు. ఇప్పటికే విన్నారనుకో. సమావేశంలో అంతమంది ఎదుట వినలేదూ!

కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది. ఇలా రా. ముందు కాసిని నీళ్ళు తాగు. వద్దా? సరే, నీ ఇష్టం.

"అక్కవై ఉండి ఒక్క మాట చెప్పలేకపోయావా" అంటున్నావు. ఎలా చెప్తానే? నా ఉద్యోగమే చెప్పకపోవడం. ఆ అంతరిక్ష టెలిస్కోపు ఇంకా పైకి వెళ్ళనే లేదు. వెళ్ళాక ఎలాంటి చిత్రాలు పంపుతుందో లెక్కకట్టి, ముందుగానే ఒక ఉత్తుత్తి ఆకాశం తయారుచేసి మీకు ఇస్తాను, చెయ్యి తిరగడానికి. కొన్ని నక్షత్రాల పక్కన చిన్న గ్రహాన్ని దాచిపెడతాను. కొన్నింటి పక్కన ఏమీ పెట్టను. ఎక్కడ పెట్టానో, ఎక్కడ పెట్టలేదో మీరు తేల్చి చెప్పేదాకా నేను నోరు విప్పకూడదు. ఆ నియమం రాసినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. మర్చిపోయావా తల్లీ?

తప్పు లేకుండా తేల్చిన జట్టుకి అసలు టెలిస్కోపు మీద మొదటి అవకాశం. అది నీ జట్టుకే వస్తుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను, దేవుడి సాక్షిగా.

మరి నువ్వేం చేశావు? ఏమీ లేని నక్షత్రం పక్కన గ్రహం ఉందన్నావు! ఉందని ఊరుకున్నావా? దాని బరువు చెప్పావు. దాని మీద మేఘాలున్నాయన్నావు. పాపం, మేఘాలు కూడానూ! వెనక వరసలో వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకైతే తల ఎత్తబుద్ధి కాలేదు. నా తోబుట్టువువి కదా మరి.

అది టెలిస్కోపు అద్దాల అతుకుల దగ్గర నక్షత్రపు వెలుగు చెదిరి పడిన మరక. అంతే. పట్టుకోవడం ఎంతసేపు? అందుకోసమే కదా ప్రతి నక్షత్రానికీ రెండు చిత్రాలు ఇచ్చేది, రెండోది టెలిస్కోపును కాస్త పక్కకి తిప్పి తీసినట్టుగా. మరకైతే టెలిస్కోపుతో పాటు తిరుగుతుంది. గ్రహమైతే తన చోట తానుంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి నువ్వే చెప్తుంటావు ఈ పాఠం. ఆ రెండో చిత్రం నువ్వు తెరవనే లేదు. అందరికంటే ముందు చెప్పెయ్యాలి, అదొక్కటే నీకు.

నిన్న మధ్యాహ్నం ఈ గదికే వచ్చావు, ముఖం వెలిగిపోతూ. "అక్కా, ఏం చెప్పకులే, ఊరికే చూడు" అంటూ చిత్రం నా ముందు పెట్టావు. చూశాను. నవ్వాను. నేను చేసిందల్లా అంతే కదా? నా నవ్వు చూసి అవుననుకున్నావు. నవ్వకూడదని నియమంలో లేదు మరి! వెళ్తూ వెళ్తూ నా బుగ్గ మీద ముద్దు పెట్టి పోయావు. ఇంటికెళ్ళి నీ కోసం ప్రార్థన చేశాను. నిజంగానే చేశానే. అలా చూడకు.

నీ తీరే అంత. ఒక్కసారి చూసి తేల్చెయ్యడం. అమ్మ మంచాన పడ్డప్పుడు నాలుగు వీధుల అవతలే ఉండేదానివి. ఎప్పుడో వచ్చేదానివి, గుమ్మంలోంచే తొంగి చూసి "అమ్మ బాగానే ఉందక్కా, నవ్వుతోంది" అనేసి వెళ్ళిపోయేదానివి. మళ్ళీ ఒకసారి చూసుంటే తెలిసేది, ఎవరు కనబడినా ఆవిడది అదే నవ్వని. నీ వెనకాల తలుపు పడిందో లేదో, "చిన్నది రాలేదా?" అని మొదలుపెట్టేది. ఇక అదే పాట. "చిన్నది ఏదీ? చిన్నది తిన్నదా?" తనకి తినిపిస్తున్న చెయ్యి ఎవరిదో మాత్రం ఆవిడకి అక్కర్లేదు.

ఏం చెయ్యను? నీలాగా మాట్లాడేదాన్ని. గొంతు కాస్త పైకి పెట్టి, మాట చివర నువ్వు తీసే రాగం తీసి, "వచ్చానమ్మా, ఇదిగో" అనేదాన్ని. నువ్వు వదిలేసిపోయిన ఆకుపచ్చ స్వెట్టరు తొడుక్కునేదాన్ని. అప్పుడు తినేది, గిన్నె ఖాళీ అయ్యేదాకా. నా తల నిమిరేది. నీ తల అనుకుని. అచ్చం అసలులాగే చేస్తుందని ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటారే, ఆ పనితనం నాకెక్కడ అబ్బిందనుకున్నావు?

అమ్మ పోయిన రోజున కూడా నా ఒంటి మీద నీ స్వెట్టరే ఉంది.

ఏడుస్తున్నావా? ఏడువు, తప్పులేదు. ఇదిగో నా రుమాలు. మొదటి అవకాశం ఆ బట్టతలాయన జట్టుకి పోయింది, వినే ఉంటావు. నీ స్థానంలో ఇంకొకరిని పెట్టమని నీ జట్టువాళ్ళే పైవాళ్ళని అడిగారట. అది విని ఉండవు. నేను చెప్పానని మాత్రం అనకు, బాగుండదు.

ఏమిటీ? ఇక నీకు మిగిలింది అమ్మ అన్న ఆ ఒక్క మాటేనా? "చిన్నదాని మీద నాకు కోపం లేదు, దానికి చెప్పు" అని అమ్మ ఆఖరున అన్నదని నీకు చెప్పానే, ఆ మాటా? అది పట్టుకునే నిలబడ్డావు కదూ ఇన్నాళ్ళూ! నీ బల్ల మీద అమ్మ ఫోటో చూసినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంది. మంచి మాట. అమ్మ అనదగ్గ మాటే.

అమ్మ అన్నదో, నేను పెట్టానో, అది మాత్రం నన్నడక్కు. నేను చెప్పకూడదు కదా.

రెండోసారి చూసుకుందామంటే అమ్మ లేదు. ఉన్నది నేనే. నా ముఖం చూసి తేల్చుకో, అలవాటేగా నీకు.

ఇదిగో, నవ్వుతున్నాను.