ఎండ మందు

తాండూరు పక్క ఊరు. హైదరాబాదుల పరిశోధన చేస్తున్న నిరోషా రెండు ఖాళీ సీసాలు పట్టుకొని బంగ్ల మీదికెల్లి దిగి, గొర్లకు దాణా కలుపుతున్న నాయినమ్మ మైసమ్మ మీదికి లేచింది.

“నాయినమ్మా, గీ సీసాలల్ల నీళ్లేవి?”

“ఏ సీసాలు?”

“ఏ సీసాలంటవేందే! పోయినారం ఎండలొకటి పెట్టి, ఎండ తగలకుండ నల్లగుడ్డ చుట్టి ఇంకొకటి పెట్టి పోయిన. అడుగున పసుపురంగు పొడి ఉండె.”

“ఆ... గవా. పాసి పట్టినట్టున్నయని కడిగి బోర్లిచ్చిన.”

“కడిగినవా! నా కొంప ముంచినవ్ గదనే!”

“పొడే గదా బిడ్డా, ఇంకింత తెచ్చుకో.”

“ఉత్త పొడి కాదే! దానికి కండ్లకు కానరాని బొక్కలుంటయి. గా బొక్కలల్ల నీళ్లు, గాలి జొచ్చి, మీద ఎండ పడితే మందు తయారైతది. దవాఖానల పుండు మీద పోస్తే నురుగొస్తది సూడు, గా మందు.”

“బొక్కలు చేసుడు గూడ సదువేనా?”

“నవ్వకు! నిన్న నీకు చెప్పిన మా సార్ రైలు దిగిండు, ఆటోల వస్తుండు. మందు పని చేసుడు కండ్లార సూడకుంటే నా పరిశోధనే బంద్ చేస్తడంట. మళ్ల పెడ్దమంటే ఇయ్యాల మబ్బు. నీళ్లు యాడ పారబోసినవ్?”

“పారబొయ్యలే.”

“మరి?”

“తిట్టవు గదా?”

“చెప్పు ముందుగాల!”

“నల్ల పొట్టేలుకు గిట్ట పుండై కుంటుతుండె. నువ్వు ఫోన్ల మందు, మందు అంటుంటివి గదా... జర పోసి సూసిన.”

“పోస్తే?”

“గుడ్డ చుట్టిన సీసల ఒట్టి నీళ్లే, ఏం కాలే. ఎండల దాంది పోస్తే బుసబుస నురుగు! ఎగిరి ఒక్క తన్ను తన్నింది నన్ను.”

“నురుగొచ్చిందా? ఒట్టు?”

“బీరప్ప మీద ఒట్టు.”

“నా బంగారు నాయినమ్మా! ఎండలది పని చేసింది, చీకట్లది చెయ్యలే! గిదే గదనే సార్‌కు కావల్సింది! పుండు మానిందా?”

“మానుడేంది, కుంటుడు పోయి దొడ్డి దుంకుతుండె.”

“సాలు! గా కాలే సూపిస్త సార్‌కు. అగో, ఆటో సప్పుడైతుంది. పో, పొట్టేలును పట్టుకరా!”

మైసమ్మ తలొంచుకొని దాణా కలుపుతూనే ఉంది.

“ఏందే, కదలవు?”

“ఇంటికొచ్చిన సార్‌కు కుంటి యాటను కోసి పెడ్తమా బిడ్డా? కాలు మానింది గదా అనే, పొద్దుగాల దాన్నే కోయించిన.”