టెస్టుకి ముందు పోసిన కొత్త ఆయిలు

"అమ్మమ్మా, తాతయ్యేంటి నిన్నట్నుంచీ అన్నం ముట్టట్లేదు? రేపు పొద్దున్న షుగరుకి రక్తం తీస్తానన్నాననా?"

అందుకే మరి. ఇంకెందుకనుకున్నావు లిల్లీ? ఏలూరు ల్యాబులో పనిచేస్తావు, రోజూ ఎంతమందికో రక్తం తీస్తావు, ఇంట్లో మనిషి సంగతి నీకు తెలీదా? నువ్వొస్తున్నానని ఫోను చేసింది మొదలు జావ, మజ్జిగ, అంతే. మరి మొన్నటిదాకానో? తణుకు నుంచి ఎవరో కాజాలు తెచ్చిస్తే నా కంట పడకుండా దిండు కింద పెట్టుకుని తిన్నారు. చీమలు పట్టాక తెలిసింది నాకు. కాలి బొటనవేలి మీద ఆ పుండు చూశావుగా, నెల దాటింది, మానట్లేదు. అయినా సరే, ఆయనకి కావలసింది కాగితం మీద మంచి అంకె. ఒంట్లో ఏముందో అక్కర్లేదు.

ఈ బుద్ధి ఇవాల్టిది కాదమ్మా. వ్యాను దగ్గరా ఇంతే చేశారు. నీకు తెలీదులే, నువ్వప్పుడు చిన్న... కాదు కాదు, టెన్తు చదువుతున్నావు, గూడెంలో హాస్టల్లో ఉన్నావు. అప్పుడు మనకి చేపల వ్యాను ఉండేది కదా. కొల్లేరు చెరువుల మీంచి చేపలెత్తుకుని ఏలూరూ గూడెమూ తోలేవారు. అదే మన కూడూ గుడ్డా.

తోలడం అంటే ఎలా తోలేవారనుకున్నావు? తెల్లారగానే స్టార్ట్ చేసి, చల్లగా ఉన్న ఇంజనుని రయ్యి రయ్యిమని రేజ్ ఇచ్చేవారు. మన భీమడోలు మొత్తానికి తెలియాలి ఈయన బయల్దేరారని. ఏవండీ, లేచీలేవని మనిషిని పరిగెత్తిస్తారా అంటే, "నీకేం తెలుసే, అలా దగ్గిస్తేనే దాని గొంతు శుభ్రపడేది" అనేవారు. ఆదివారం మందిరానికీ అదే బండి. ఎంత దూరమని? ఇక్కడ తువ్వాలు ఆరేస్తే అక్కడికి కనిపిస్తుంది. ఇంజను వేడెక్కేలోపు ఆపెయ్యడం, ప్రార్థన అవగానే మళ్ళీ రయ్యిమనిపించడం. పాస్టరుగారు పాపం ఏమీ అనేవారు కాదు.

ఇంకో ఘనకార్యం చెప్పనా? ఎండాకాలం చెరువు గట్ల మీద దుమ్ము తెలుసుగా, గోధుమపిండిలా లేస్తుంది. ఆ దుమ్ముకి ఎయిర్ ఫిల్టరు పూడుకుపోతోందట, బండి లాగట్లేదట. కడిగించుకోవాలా, మార్పించుకోవాలా? పీకేసి అటక మీద పెట్టారు. అదేంటండీ అంటే, "ఇప్పుడు దానికి ఊపిరాడుతోంది" అన్నారు. ఏం చెప్తాం ఇలాంటి మనిషికి.

గూడెంలో మనం ఇంజను ఆయిలు కొనే కొట్టాయన ఉండేవాడు, మంచివాడు, పేరేంటబ్బా... వాళ్ళ చెల్లెల్ని ఉంగుటూరు ఇచ్చారు, పెళ్ళికి కూడా వెళ్ళాం మనం, వంకాయ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. సరే, ఆయన చెప్పాడు, "ఏవండీ, వాడిన ఆయిలు చిన్న సీసాలో పట్టిస్తే కంపెనీవాళ్ళు టెస్టు చేస్తారండి. ఇనుప రజను ఎంతుందో, మట్టి ఎంతుందో, డీజిలు కలిసిందో చెప్పేస్తారు. ఇంజను విప్పక్కర్లేకుండానే లోపల ఏది అరుగుతోందో తెలిసిపోద్దండి. బండి ఎలా తోలుతున్నారో కూడా తెలిసిపోద్దండి."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. మీ తాతయ్యకి పౌరుషం వచ్చేసింది. నా తోలుడికి ఒకడు మార్కులేసేదేంటని. సీసా ఇచ్చారులే. ఎలా ఇచ్చారో తెలుసా? ముందురోజు పాత ఆయిలంతా దింపేసి, కొత్తది పోసి, మందిరం దాకా ఓసారి తిప్పి, అందులోంచి పట్టిచ్చారు. నాకెలా తెలుసంటే ఖాళీ డబ్బాలో కనకాంబరం మొక్క వేసుకున్నాను. ఆ డబ్బా అప్పుడెంత, ఇప్పుడెంత, ధర రెట్టింపయింది.

ఇంకేం, రిపోర్టు వచ్చింది, అంతా బ్రహ్మాండం. ఆ కాగితాన్ని వ్యాను అద్దం దగ్గర పెట్టుకుని తిరిగారు, ఫస్టుక్లాసులో పాసైనట్టు. అదీ సరే అనుకో. నాకు ఒళ్ళు మండిందెక్కడంటే, ఆ కాగితాన్ని ఈయనే నమ్మేశారు. చూశావా, మోసం చేసిందీ ఈయనే, మోసపోయిందీ ఈయనే. బండి బావుందన్నారు కదా అని ఆయిలు మార్చడం కూడా మానేశారు.

ఎన్నాళ్ళాగుతుంది? పొగ మొదలైంది. గట్టెక్కాలంటే మూలుగుతోంది. నాకు భయం, అది ఆగిపోతే మనం తినేదేంటని. ఆ కొట్టాయన ఓ పూట ఏలూరు పోతూ మన వీధిలో కనిపిస్తే లోపలికి పిలిచాను. ఈయన అప్పుడే చెరువు మీంచి వచ్చి నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటున్నారు. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. ఆయిలు కొలిచే పుల్ల తీసేసి, ఆ కన్నంలో సన్న గొట్టం పెట్టి, ఓ సీసాడు లాగించేశాను. ఈయనకి చెప్పలేదు.

కొన్నాళ్ళకి కొట్టాయనే కాగితం పట్టుకొచ్చాడు. "ఏవండీ, మీ ఇంజను దుమ్ము తాగేస్తోందండి. ఇనుము బాగా రాలుతోందండి. ఇంకొన్నాళ్ళిలా తోలితే మొత్తం విప్పాల్సిందేనండి" అన్నాడు. మీ తాతయ్య నావైపు తిరిగి, "నాకు చెప్పకుండా ఎందుకు తీయించావు?" అన్నారు. చెబితే మళ్ళీ కొత్తది పోస్తారు కదండీ అన్నాను.

మర్నాడు తనే అటకెక్కి ఫిల్టరు దింపారు. అది చెడిపోయుంటే కొత్తది తెచ్చి బిగించారు. అప్పట్నుంచీ పొద్దున్నే స్టార్ట్ చేసి, రేజ్ ఇవ్వకుండా కాసేపు ఆగి, అప్పుడు మెల్లగా కదిపేవారు. మందిరానికి నడిచొచ్చేవారు. అమ్మేసేదాకా ఆ ఇంజను విప్పలేదమ్మా. అంటే వినని మనిషి కాదు. చెప్పి తీసిన టెస్టేదీ ఆయన దగ్గర నిజం చెప్పదు, అదీ సంగతి.

వ్యానుకంటే అలా చేశాను, ఆయన ఒంట్లోంచి నేనెలా లాగను? ఇన్నేళ్ళూ డాక్టరు రమ్మన్న తారీకుకి రెండ్రోజుల ముందునుంచీ పస్తు, ఆ సాయంత్రమే మిఠాయి. డాక్టరేమో ఆ అంకె చూసి అవే మాత్రలు రాస్తాడు. పక్కింటాయనకి వేలితో మొదలై పాదం దాకా తీసేశారే. రాత్రిళ్ళు ఈయన కాలు తడిమి చూసుకుంటున్నాను నేను.

నిన్న ఏదో అన్నావుగా, మూడు నెలల షుగరు చెప్పే టెస్టని? రెండ్రోజులు మానేసినా మారదనీ, తిన్నా తినకపోయినా తియ్యొచ్చనీ? అది తియ్యి తల్లీ. ఆయనకి దాని పేరు చెప్పకు, మామూలు షుగరే అను. రేపటిదాకా ఎందుకు, ఈ పస్తు చాలు, ఇప్పుడే తీసేసి ఆయనకింత అన్నం పెడదాం. నీ చెయ్యి చల్లన, ఎంతమందికి సూది గుచ్చినా నొప్పనిపించకుండా బతుకు, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. రిపోర్టొచ్చాక కోప్పడితే మా అమ్మమ్మే చేయించిందని చెప్పు. నా మీద కోపం పెట్టుకోమను. ఎన్నాళ్ళైనా పెట్టుకోమను. కోపం పెట్టుకోడానికైనా మనిషంటూ ఉండాలి కదే...